మిక్త్లాన్ దొరను ఇంటికి తెచ్చుకోవచ్చా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా మళ్ళీ చెప్పుకుంటాను. పోయిన ఏడాది మీ నాన్నగారు కాలం చేశారు. ఈ మధ్య డాలస్ నుంచి మెక్సికో సిటీ వెళ్ళినప్పుడు, అజ్టెక్‌ల పెద్ద గుడి తెంప్లో మాయోర్ దగ్గరున్న మ్యూజియంలో ఒక మట్టి దేవుడి ముందు మీరు చాలాసేపు నిలబడిపోయారు. సగం ఎముకలు, సగం కండ, పళ్ళన్నీ కనిపించే నోరు, ముందుకు వంగిన ఒళ్ళు. భయం వెయ్యలేదు, ఏదో ఊరట కలిగింది. పేరు మిక్త్లాన్‌తెకుత్లి అని చదివి, బయట అమ్ముతున్న చిన్న బొమ్మ కొన్నారు. ఆయన మన యముడే కదా, దేవుడి గూట్లో పెట్టి దీపం పెట్టొచ్చా, లేక ఎవరిదో దేవుణ్ణి ఎత్తుకొచ్చినట్టు అవుతుందా అన్నది మీ టెన్షన్.

నాన్నగారి గురించి చదివి బాధ కలిగింది. అలాంటి చోట ఊరట దొరకడం నాకు వింతగా అనిపించలేదు. నేను అజ్టెక్‌లు మాట్లాడిన నహువాత్ల్ భాష నేర్చుకోవడానికి వెళ్ళి మెక్సికోలో పదకొండేళ్ళు ఉన్నాను. అందులో నాలుగేళ్ళు వాస్తెకా ప్రాంతపు కొండ ఊళ్ళలో గడిచాయి. మా అమ్మ పోయిన కబురు కూడా నాకు అక్కడే తెలిసింది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, బొమ్మను ఇంట్లో ఉంచుకోండి. గౌరవమైన చోట, పుస్తకాల అలమరలోనో మీరు రోజూ కూర్చునే బల్ల మీదో పెట్టండి. దేవుడి గూట్లో మాత్రం పెట్టకండి. ఎందుకో చెప్పాలంటే ముందు ఆయన ఎవరో చెప్పాలి. గౌరవం అంటే చేతులు జోడించడం ఒక్కటే కాదు. ఎదుటివాళ్ళు ఎవరో తెలుసుకోవడానికి కష్టపడటం దాంట్లో పెద్ద భాగం.

'మిక్త్లాన్' అంటే చనిపోయినవాళ్ళ చోటు. 'తెకుత్లి' అంటే దొర. నహువాత్ల్ మాట్లాడే రాజ్యాల్లో ఒక పెద్ద ఇంటికి, దాని భూములకు, దాని మనుషులకు పెద్దగా ఉన్నవాడికి కూడా అదే బిరుదు. ఆయన ఒంటరివాడు కాదు. భార్య మిక్తెకసీవాత్ల్, అంటే మిక్త్లాన్ దొరసాని, పక్కనే ఉంటుంది. ఆ చోటును ఇద్దరూ కలిసి చూసుకుంటారు. 260 రోజుల పవిత్ర పంచాంగంలో 'కుక్క' అనే రోజు ఆయనది. రాత్రిని పాలించే తొమ్మిది మంది దేవతల్లోనూ ఆయన ఒకరు.

మీరు చూసిన విగ్రహం 1994లో బయటపడింది. లెయొనార్దో లోపెస్ లుహాన్ బృందం తెంప్లో మాయోర్ ఉత్తరాన ఉన్న 'గద్దల ఇల్లు' అనే కట్టడంలో తవ్వుతుంటే అలాంటివి రెండు, ముక్కలు ముక్కలుగా దొరికాయి. ఒక్కొక్కటి 1.76 మీటర్ల ఎత్తు, అంటే మీ పక్కన నిలబడితే మీ అంత మనిషే. చేతులకు గోళ్ళు, నెత్తి మీద వరుసగా చిన్న చిన్న రంధ్రాలు. ఆ రంధ్రాల్లో ఉంగరాల జుట్టు గుచ్చేవాళ్ళు. ఇక పక్కటెముకల కింద వేలాడుతున్నదేమిటో మీరు గమనించారా? చాలామంది గుండె అనుకుంటారు. అది కాలేయం.

ఈ ఒక్క వివరం దగ్గర కాసేపు ఆగాలి. నహువాల, అంటే నహువాత్ల్ మాట్లాడే జనం, ఆలోచనలో మనిషిలో ఒక ఆత్మ కాదు, కనీసం మూడు శక్తులు ఉన్నాయని ఆల్ఫ్రెదో లోపెస్ ఆస్తిన్ అనే చరిత్రకారుడు పాత గ్రంథాల నుంచి విడదీసి చూపించాడు. తలలో తొనల్లి. అది ఎండ వేడిలాంటిది, పుట్టిన రోజుతో వచ్చేది. గుండెలో తెయోలియా. చనిపోయాక ప్రయాణం చేసేది అదే. కాలేయంలో ఇహియోత్ల్. ఊపిరి, కోపం, కోరిక దానివి. ఆ మూడో శక్తి ఉండే అవయవాన్నే శిల్పి మిక్త్లాన్ దొర ఒంటి మీద బయటికి వేలాడదీశాడు. ఇదేమీ తెలియకుండా చూసినప్పుడు మనకు భయపెట్టే అస్థిపంజరం మాత్రమే కనిపిస్తుంది.

ఆ విగ్రహాల మీద రసాయన పరీక్షలు చేస్తే రక్తం ఆనవాళ్ళు దొరికాయి. కోడెక్స్ మాగ్లియాబెకియానో అనే 16వ శతాబ్దపు బొమ్మల పుస్తకంలో కూడా ఇలాంటి విగ్రహం మీద మనుషులు రక్తం పోస్తున్న చిత్రం ఉంది. నేను దీన్ని దాచను. 2015లో ఆ గుడికి దగ్గర్లోనే, గ్వాతెమాలా వీధిలో, పుర్రెలతో కట్టిన గోపురం బయటపడింది. 2020 చివరికి లెక్క 603 పుర్రెలకు చేరింది, వాటిలో ఆడవాళ్ళవీ పిల్లలవీ ఉన్నాయి. మెషీకాల, అంటే మనం అజ్టెక్‌లు అనేవాళ్ళ, రాజ్యం నరబలులు ఇచ్చింది. ఒక మతాన్ని గౌరవించడానికి అందులో జరిగిన వాటిని మాయం చెయ్యనక్కర్లేదు. అదే సమయంలో, ఐదు వందల ఏళ్ళుగా ఆ ఒక్క విషయమే చెప్పి మొత్తం జనాన్ని రాక్షసులుగా చూపించినవాళ్ళ మాట కూడా మనం మళ్ళీ అనకూడదు. ఒక రాజ్యం తన రాజధానిలో చేసిన బలులు వేరు, ఒక ఊళ్ళో ముసలావిడ తన భర్తకు పెట్టిన నీళ్ళు వేరు. రెండూ ఆ మతంలోవే, కానీ రెండిటినీ ఒకే మాటతో తేల్చెయ్యలేం.

మిక్త్లాన్‌కు ఎవరు వెళ్తారన్నది అసలు విషయం. చాలామంది పొరబడేది ఇక్కడే. మంచివాళ్ళు ఒక చోటికి, చెడ్డవాళ్ళు ఒక చోటికి అన్న లెక్క అక్కడ లేదు. ఎలా బతికావన్నది కాదు, ఎలా పోయావన్నది దారిని నిర్ణయిస్తుంది. యుద్ధంలో పోయినవాళ్ళు, కాన్పులో పోయిన తల్లులు సూర్యుడి వెంట వెళ్తారు. నీళ్ళల్లో మునిగినవాళ్ళు, పిడుగుపాటుకు పోయినవాళ్ళు వానదేవుడి త్లాలోకాన్‌కు చేరతారు. పాలు తాగే వయసులో పోయిన పసివాళ్ళకు పాలు కారే చెట్టు ఉంది, దాని కింద నోరు తెరిచి ఎదురుచూస్తుంటారు. ఇక మిగిలినవాళ్ళందరూ, అంటే జబ్బు చేసో ముసలితనంతోనో పోయిన మామూలు మనుషులు, రాజైనా కూలివాడైనా మిక్త్లాన్‌కే. అది శిక్ష కాదు. ఎక్కువమంది వెళ్ళే దారి, అంతే.

ఆ దారి నాలుగేళ్ళది. ఒకదానికొకటి ఢీకొట్టుకునే రెండు కొండల మధ్య నుంచి దాటాలి. ఎనిమిది బీళ్ళు, ఎనిమిది గుట్టలు దాటాలి. నల్లని గాజురాతి కత్తుల్లా కోసే గాలి వీచే చోటు ఒకటి ఉంది. ఆ గాలికి తట్టుకోవాలనే బట్టలు, సామాన్లు మనిషితో పాటు కాల్చేవాళ్ళు. నోట్లో ఒక పచ్చరాయి పెట్టేవాళ్ళు, అది అక్కడ గుండెగా పనికొస్తుంది. చివరికి ఒక పెద్ద నది. దాన్ని దాటించేది కుక్క. తెల్ల కుక్క 'ఇప్పుడే స్నానం చేశాను' అంటుందట, నల్ల కుక్క 'నాకు మరకయింది' అంటుందట. పసుప్పచ్చ కుక్క మాత్రమే యజమానిని గుర్తుపట్టి వీపు మీద మోసుకెళ్తుంది. ఇంటి దగ్గర 80వ రోజున ఒకసారి, ఆ తర్వాత నాలుగేళ్ళూ ఏడాదికోసారి అర్పణలు జరుగుతాయి. నాలుగేళ్ళు పూర్తయ్యాక తొమ్మిదో చోటికి చేరి మనిషి అక్కడితో సమాప్తం. ఆ చోటికి కిటికీ లేదు, పొగ పోయే దారి లేదు, తిరిగి వచ్చే దారి లేదు.

ఇదంతా మనకు తెలిసింది ఎక్కువగా బెర్నార్దినో దె సాహగూన్ అనే ఫ్రాన్సిస్కన్ పాదిరి రాయించిన పన్నెండు భాగాల గ్రంథం వల్ల. కానీ 'రాయించిన' అన్న మాట గమనించండి. చెప్పింది నహువా పెద్దలు. నహువాత్ల్‌లో రాసింది, బొమ్మలు వేసింది త్లతెలోల్కో కళాశాలలో చదివిన నహువా పండితులు, ఆంతోనియో వలెరియానో లాంటివాళ్ళు. 1576లో ఘోరమైన మహమ్మారి ఊళ్ళను ఖాళీ చేస్తున్న సమయంలోనే వాళ్ళు ఆ పని పూర్తి చేస్తూ వచ్చారు. చావు గురించి తమ తాతలు ఏమనుకునేవాళ్ళో రాస్తున్నవాళ్ళ చుట్టూ తమవాళ్ళే చచ్చిపోతున్నారు. ఆ పుస్తకం ఇప్పుడు ఫ్లారెన్సులో ఉంది. దాన్ని చదివిన ప్రతిసారీ నాకు ఆ పేజీల మీద వంగిన తలలే గుర్తొస్తాయి. మిక్త్లాన్ దొర గురించి ఎవరు మాట్లాడినా ఆ మనుషుల రుణంలో ఉన్నట్టే.

ఇప్పుడు యముడి సంగతి. పోలికలు నాకూ కనిపించాయి, మీకు కనిపించడం సహజం. మనకు వైతరణి, ఆవు తోక, గోదానం. వాళ్ళకు నది, కుక్క వీపు. మనకు మాసికాలు, సంవత్సరీకం. వాళ్ళకు 80 రోజులు, నాలుగేళ్ళు. ఋగ్వేదంలో యముడి వాకిట్లో నాలుగు కళ్ళ కుక్కలు కూడా ఉన్నాయి. కానీ యముడికి ధర్మరాజు అని పేరు. చిత్రగుప్తుడు లెక్క చదువుతాడు, ఆయన తీర్పు చెప్తాడు, తర్వాత ఇంకో జన్మ ఉంది. మిక్త్లాన్ దొర ముందు చిట్టా లేదు, తీర్పు లేదు, మళ్ళీ పుట్టుక లేదు. యముణ్ణి తీసుకొచ్చి ఆ సింహాసనం మీద కూర్చోబెడితే, ఆ జనం చావు గురించి చేసిన అసలు ఆలోచన మన చేతుల్లోనే చెరిగిపోతుంది.

వాళ్ళ విషయంలో ఇలాంటి పని ఒకసారి జరిగింది కూడా. 1521లో మెషీకాల రాజధాని తెనోచ్తిత్లాన్ స్పానిష్‌వాళ్ళ చేతిలో పడిపోయింది, 1524లో పన్నెండు మంది ఫ్రాన్సిస్కన్లు వచ్చారు. నరకాన్ని నహువాత్ల్‌లో ఏమనాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు 'మిక్త్లాన్' అన్న మాటే తీసుకున్నారు. అంటే అందరి తాతలూ అవ్వలూ వెళ్ళిన చోటు ఒక్కసారిగా పాపులు కాలే చోటయింది. ఒక పిల్లవాడికి ఆ బోధన ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి. మన తెలుగు బైబిల్లో షెయోల్ అనే హీబ్రూ మాటకు పాతాళం అన్న మాట వాడారు. అనువాదం చేసేటప్పుడు చేతికందిన మాట తీసుకోవడం ఎక్కడైనా ఉండేదే. కానీ కొరడా, కొరివీ ఉన్నవాడి చేతిలో ఆ పని వేరుగా ఉంటుంది. 1539లో తెష్కోకో పెద్దింటి మనిషి దోన్ కార్లోస్‌ను పాత మతాన్ని పట్టుకున్నాడన్న నేరం మీద తగలబెట్టారు. సైతానుకు పాదిరులు వాడిన మాట 'త్లాకతెకోలోత్ల్', గుడ్లగూబ మనిషి. ఈ రోజుకీ వెరాక్రూస్‌లోని చికొంతెపెక్ వైపు నహువా ఊళ్ళలో కార్నివాల్ రోజుల్లో త్లాకతెకోలోత్ల్‌కు పూజ జరుగుతుంది, మంచీ చెడూ రెండూ ఇచ్చేవాడిగా. తిట్టుగా వాడిన పేరును వాళ్ళు దేవుడిగానే నిలుపుకున్నారు.

మన సోషల్ మీడియాలో తిరిగే ఒక మాట గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్న కింద అది వస్తుందని నాకు తెలుసు. పాతాళం అంటే అమెరికా, మయసభ కట్టిన మయుడి వంశమే మాయా జనం, వాళ్ళ దేవుళ్ళంతా మనవాళ్ళే అని. దయచేసి ఆ దారిలో వెళ్ళకండి. మాయాలు వేరు, మెషీకాలు వేరు. వాళ్ళ భాషా కుటుంబాలే వేరు. మాయా కథల్లో పాతాళం పేరు షిబాల్బా, అక్కడి దొరలు వేరే. 260 రోజుల లెక్క, మొక్కజొన్న, ఆ గుళ్ళు అన్నీ ఆ నేల మనుషులు ఆ నేల మీద కనిపెట్టుకున్నవి. స్పానిష్ పాదిరుల్లో దియేగో దురాన్ లాంటివాళ్ళు వీళ్ళు తప్పిపోయిన ఇజ్రాయెల్ తెగలని నమ్మారు. మనం వీళ్ళు తప్పిపోయిన హిందువులని అంటే తేడా ఏముంది? రెండు చోట్లా చెప్పేది ఒకటే: ఇంత గొప్ప పని మీ అంతట మీరు చేసి ఉండరు అని. మన గుళ్ళను గ్రీకులు నేర్పారని ఎవరైనా అంటే మనకు ఒళ్ళు మండదా?

నిజంగా ఉన్న సంబంధం కావాలంటే ఒకటి చెప్తాను. మన బతుకమ్మలో పేర్చే బంతిపువ్వు మెక్సికో మొక్క. స్పానిష్ ఓడల తర్వాతే మన నేలకు వచ్చింది. అక్కడ దాని పేరు సెంపసూచిల్. నహువాత్ల్‌లో సెంపొవల్‌షోచిత్ల్, అంటే 'ఇరవై పువ్వు'. రేకులు అన్ని ఉన్నాయని. చనిపోయినవాళ్ళు ఇంటికి దారి కనుక్కోవడానికి వాకిట్లోంచి ఆ రేకులు చల్లుతారు. మనం రోజూ అనే టమాటా కూడా నహువాత్ల్ మాట 'తొమత్ల్'. మనం వాళ్ళకు ఇచ్చామని చెప్పుకునే ముందు, వాళ్ళ దగ్గర నుంచి మన వంటింట్లోకీ వాకిట్లోకీ వచ్చినవి గుర్తు చేసుకోవడం మంచిది.

మీకు కలిగిన ఊరట గురించి ఒక కథ చెప్పాలి, బహుశా మీ మనసుకు తగిలింది ఇదేనేమో. ఇప్పటి మనుషులు పుట్టకముందు, కెట్సల్‌కోవాత్ల్ దేవుడు మిక్త్లాన్‌కు దిగి వెళ్ళి, పాత మనుషుల ఎముకలు ఇవ్వమని అడుగుతాడు. మిక్త్లాన్ దొర ఒక శంఖం ఇచ్చి, ఇది ఊదుతూ నాలుగుసార్లు చుట్టి రా అంటాడు. ఆ శంఖానికి రంధ్రమే లేదు. పురుగులు వచ్చి తొలుస్తాయి, తేనెటీగలు లోపలికి దూరి మోగిస్తాయి. ఎముకలు తీసుకుని పారిపోతుంటే దొర తవ్వించిన గోతిలో పడతాడు, పిట్టలు లేచి బెదరగొడతాయి, ఎముకలు విరిగిపోతాయి. విరిగిన ఆ ముక్కలను సీవాకోవాత్ల్ దేవత నూరుతుంది. కెట్సల్‌కోవాత్ల్ తన రక్తం దాని మీద కారుస్తాడు. దాంట్లోంచి మనుషులు పుడతారు. ఎముకలు సమానంగా విరగలేదు కాబట్టి మనుషులు పొట్టి, పొడుగు. నహువాత్ల్‌లో వీర్యానికి 'ఒమిసెత్ల్' అన్న మాట ఉంది, దాంట్లో ముందున్నది 'ఒమిత్ల్', ఎముక. కాబట్టి ఆ అస్థిపంజర దేవుడు కాపలా కాసేది చెత్తకుప్పను కాదు, విత్తనాల గాదెను. ఆ మట్టి ముఖం ముందు మీకు భయం వెయ్యకపోవడానికి, దాన్ని చేసిన శిల్పి ఇది తెలిసినవాడు కావడం కూడా ఒక కారణమని నా నమ్మకం.

మరి గూట్లో ఎందుకు వద్దంటున్నాను? నహువాత్ల్‌లో బలికి, అర్పణకు ఒక పాత పేరు 'నెష్త్లవల్లి'. దాని అర్థం అప్పు తీర్చడం. అంటే పూజ అక్కడ ఇష్టం కొద్దీ చేసే అలంకారం కాదు, భూమికీ దేవతలకూ మనం తిన్నదానికి కట్టే బాకీ. వాస్తెకా ఊళ్ళలో ఈ బాకీ లెక్క తెలిసిన మనిషిని 'త్లామతికెత్ల్' అంటారు, తెలిసినవాడు లేదా తెలిసినావిడ. ఏ దేవతకు ఏ ఆకారంలో కాగితం కత్తిరించాలి, ఎన్ని, ఏ వరుసలో పరచాలి, కోడి ఎప్పుడు, సాంబ్రాణిలాంటి కొపాల్ ఎప్పుడు, చివర్లో ఆ శక్తిని తిరిగి ఎలా పంపించాలి అన్నది ఏళ్ళ తరబడి నేర్చుకుంటారు. చావు వైపు శక్తులతో పని అంటే మరీ జాగ్రత్తగా ఉంటారు. పిలవడం కంటే పంపించడం కష్టమని నాకు భాష నేర్పిన పెద్దాయన ఎప్పుడూ అనేవాడు. మన ఇళ్ళలో కూడా ఒక దేవతను నిలబెడితే ఏళ్ళకేళ్ళు చెయ్యాల్సినవి ఉంటాయి, చేసే వంశం ఉంటుంది, తప్పితే ఎవరిని అడగాలో తెలుస్తుంది. మీకు ఈ దేవుడి విషయంలో అడగడానికి ఎవరూ లేరు. ఇంటర్నెట్‌లో దొరికే 'అజ్టెక్ మంత్రాలు' చాలావరకు ఈ మధ్య ఎవరో అల్లినవి. కొన్నిటిలో నహువాత్ల్ వ్యాకరణమే కుదరదు. రక్తం చుక్క పెట్టమని చెప్పే పేజీలు కూడా చూశాను. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యకండి.

ఇంకో మాట. ఇది చచ్చిపోయిన మతం కాదు. 2020 జనాభా లెక్కల ప్రకారం మెక్సికోలో నహువాత్ల్ మాట్లాడేవాళ్ళు 16 లక్షల 50 వేల మందికి పైనే. వాళ్ళలో ఎక్కువమంది కాథలిక్కులు, అదే సమయంలో తమ కొండకూ ఊటకూ మొక్కజొన్నకూ మొక్కేవాళ్ళు. నేనున్న ఊళ్ళలో మిక్త్లాన్‌తెకుత్లి అన్న పేరు అరుదుగా విన్నాను, మిక్త్లాన్ అన్న మాట మాత్రం నిత్యం వాడుకలో ఉంది. మెక్సికో సిటీలో ఈకల కిరీటాలు పెట్టుకుని నాట్యం చేసే బృందాలు ఆ పాత పేర్లను మళ్ళీ ఎత్తుకున్నాయి. అది వాళ్ళ వెతుకులాట, దానికి దాని విలువ ఉంది. కానీ ఊరి త్లామతికెత్ల్ చేసేదీ నగర బృందం చేసేదీ ఒకటి కావు. ఎవరి దగ్గర నేర్చుకున్నా, వాళ్ళు ఎవరి తరఫున మాట్లాడుతున్నారో అడిగి తెలుసుకోండి.

బజారులో కనిపించేవాటిని కూడా కొంచెం వేరు చేసి చూడాలి. టోపీ పెట్టుకున్న అస్థిపంజరం కత్రీనా 1910ల ప్రాంతంలో హొసే గ్వాదలూపె పొసాదా చెక్కిన బొమ్మ. నిండు ఒళ్ళు ఇచ్చింది 1947లో దియేగో రివేరా. ఆమె దేవత కాదు. సాంతా మ్వెర్తె అనే 'పవిత్ర మరణం' భక్తి 2001లో తెపీతో పేటలో వీధి గుడి వెలిశాక బాగా పెరిగింది. దాన్ని నేరుగా మిక్తెకసీవాత్ల్‌తో కలిపే వాదన పండితుల్లో అందరూ ఒప్పుకోరు. నవంబరు మొదట్లో జరిగే చనిపోయినవాళ్ళ పండుగ కూడా పూర్తిగా 'అజ్టెక్' కాదు. చర్చి పండుగా పాత ఆచారాలూ కలిసిపోయినది. వాస్తెకాలో దాని పేరే షాంతోలో, లాటిన్ 'సాంక్తోరుం' నుంచి వచ్చింది.

ఆ పండుగ హక్కుల విషయం కూడా మీకు తెలిసి ఉంటే మంచిది. 2008లో యునెస్కో దాన్ని తన జాబితాలో చేర్చింది. 2013లో డిస్నీ ఆ పండుగ స్పానిష్ పేరుకే ట్రేడ్‌మార్క్ కోసం దరఖాస్తు చేసి, జనం మండిపడ్డాక వెనక్కి తీసుకుంది. ఐక్యరాజ్యసమితి 2007 ప్రకటనలో 12వ అధికరణ మూలవాసుల మతాచారాలకూ పవిత్ర స్థలాలకూ హక్కు చెప్తుంది, 31వది వాళ్ళ సాంస్కృతిక సంపద మీద హక్కు చెప్తుంది. 2022 జనవరిలో మెక్సికో దీని మీద సొంత చట్టం కూడా చేసింది. మీరు కొన్న బొమ్మ కొత్తగా చేసిన నకలు కాబట్టి ఇబ్బంది లేదు. ఎవరైనా 'పాతది, తవ్వితే దొరికింది' అని అమ్మజూపితే మాత్రం ముట్టుకోకండి. 1972 చట్టం ప్రకారం అలాంటివి మెక్సికో జాతి సొత్తు, దేశం దాటించడం నేరం. ఈసారి కొనాలనిపిస్తే చేసినవాళ్ళ దగ్గరే, వాళ్ళు చెప్పిన ధరకే కొనండి.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. మొదటి ఏడాది షాంతోలోకి ఒక ఇంట్లో పువ్వుల తోరణం కింద అరటిపళ్ళు, తమాళ్ళు అనే మొక్కజొన్న పిండి కుడుములు, చాక్లెట్ నీళ్ళు, కొవ్వొత్తులు చూసి ఆనందం పట్టలేక, అడగకుండా ఫొటోలు తీశాను. ఒక ముసలమ్మ పాడుతున్న ప్రార్థన రికార్డు చేశాను. ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు నాతో ఎవరూ మాట్లాడలేదు. రెండు రోజులయ్యాక ఆ ఇంటి కోడలు చెప్పింది, ఆ ప్రార్థనలో చనిపోయినవాళ్ళ పేర్లు ఉన్నాయని, ఆ పేర్లు ఇప్పుడు నా పెట్టెలో ఉన్నాయని. వెళ్ళి వాళ్ళ ముందే చెరిపేశాను. ముసలమ్మ నన్ను తిట్టలేదు, వంటింట్లో మొక్కజొన్న ఒలవమని గంప ఇచ్చింది. ఆ తర్వాత మూడేళ్ళూ నేను ఆ పండుగకు చేసింది ఎక్కువగా అదే. ప్రశ్నలు వెయ్యడం తగ్గించి పని చెయ్యడం మొదలుపెట్టాక వాళ్ళంతట వాళ్ళే చెప్పడం మొదలుపెట్టారు.

మా అమ్మ పోయిన ఏడాది నేను ఇంటికి వెళ్ళలేకపోయాను. ఆ నవంబరులో ముసలమ్మను అడిగాను, మా అమ్మ ఫొటో కూడా మీ తోరణం కింద పెట్టనా అని. ఆమె కాసేపు ఆలోచించింది. 'మీ అమ్మకు ఇక్కడి దారి తెలియదు కదా, ఆమె మీ ఇంటి దగ్గర వెతుక్కుంటుంది' అంది. తర్వాత వాకిలి బయట, ఎవరూ లేని ఆత్మల కోసం పెట్టే చిన్న అరుగు చూపించి, 'ఒకవేళ నిన్ను వెతుక్కుంటూ వస్తే ఇక్కడ తింటుంది, ఆమె ఏం తినేదో అది పెట్టు' అంది. నేను అన్నం వండి, పెరుగు దొరక్క పాలు పోసి పెట్టాను. మా అన్నయ్య అదే వారంలో రాజమండ్రిలో గోదావరి గట్టున పిండం పెట్టాడు.

మీరు కూడా నాన్నగారి సంవత్సరీకం మీ ఇంటి పద్ధతిలో, ఆయన తినే వంటలతోనే చెయ్యండి. నాన్నగారు ఎదురుచూసేది దానికోసమే. మిక్త్లాన్ దొర బొమ్మ బల్ల మీద ఉండనివ్వండి, దుమ్ము పట్టనివ్వకండి. ఎవరైనా అడిగితే యముడు అని కాకుండా ఆయన పేరు ఆయన పేరుగా చెప్పండి. నహువాత్ల్ కొంచెం నేర్చుకోవాలనుకుంటే నహువా ఉపాధ్యాయులే ఆన్‌లైన్‌లో నేర్పే తరగతులు ఉన్నాయి, ఫీజు వాళ్ళకు నేరుగా చేరేవి చూసుకోండి. డాలస్‌లో మెక్సికో కుటుంబాలకు కొదవ లేదు. నవంబరు 2న ఎవరైనా ఇంటికి పిలిస్తే బంతిపూలు పట్టుకుని వెళ్ళండి, ఫోన్ జేబులోనే ఉంచండి, వంటింట్లో ఏదైనా పని ఉందేమో అడగండి. నాన్నగారి ఫొటో తీసుకెళ్ళాలా వద్దా అన్నది నన్ను కాదు, ఆ ఇంటి పెద్దావిడను అడగండి.